ల్యాప్‌టాప్‌లో సౌండ్ రావట్లేదా? డ్రైవర్ ముట్టుకునే ముందు ఏం చూడాలి, ముట్టుకున్నాక ఏం చేయాలి

ల్యాప్‌టాప్ నోరు మూసుకుంటే చాలామంది దాన్ని బ్యాగులో వేసుకుని నల్లగొండ గడియారం సెంటర్‌కో, పాలమూరు క్లాక్‌టవర్ దగ్గరికో బయల్దేరుతారు. అక్కడ మొదట వినిపించే సలహా విండోస్ కొత్తగా వేయించమని. దాంతో ఒక రోజు పోతుంది, డబ్బులు పోతాయి, బ్యాకప్ లేకపోతే ఫొటోలూ నోట్సులూ పోతాయి. చాలా సందర్భాల్లో అంత దూరం పోవాల్సిన పని లేదు. సౌండ్ ఏ మెట్టు దగ్గర ఆగిపోయిందో కనిపెడితే సగం పని అయిపోయినట్టే. అది కనిపెట్టకుండా డ్రైవర్ (సౌండ్ చిప్‌ను విండోస్‌తో కలిపే సాఫ్ట్‌వేర్) పీకేస్తే, ఉన్న ఒక్క సమస్య రెండవుతుంది.

కింద చెప్పినవన్నీ విండోస్ 11 ప్రకారం రాసినవి. విండోస్ 10లో పేర్లు కాస్త అటూ ఇటూ ఉంటాయి, దారి మాత్రం అదే. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబరు 14తో ముగిసింది. అందుకే ఆ వెర్షన్ వాడుతున్నవాళ్లు డ్రైవర్ కోసం అప్‌డేట్ మీద ఆధారపడకుండా, నేరుగా ల్యాప్‌టాప్ కంపెనీ వెబ్‌సైట్‌కు వెళ్లడం మంచిది.

ముందు ఐదు నిమిషాల పరీక్ష

ఒక పాట పెట్టి, అది నడుస్తుండగానే ఇవి చేయండి.

ఇయర్‌ఫోన్ పెట్టి వినండి. ఇయర్‌ఫోన్‌లో వినిపించి స్పీకర్లలో రాకపోతే డ్రైవర్ దాదాపు బాగానే ఉన్నట్టు. అప్పుడు అనుమానం జాక్ మీదికి, స్పీకర్ల మీదికి, వాటికి పోయే వైరు మీదికి పోవాలి. రెండింట్లోనూ రాకపోతే బ్లూటూత్ స్పీకర్ కలిపి చూడండి. బ్లూటూత్‌కు పోయే సౌండ్ ల్యాప్‌టాప్ లోపలి సౌండ్ చిప్ గుండా పోదు. కాబట్టి అందులో వినిపిస్తే విండోస్ బాగుందని, తేడా చిప్ దగ్గరో దాని డ్రైవర్ దగ్గరో ఉందని తెలిసిపోతుంది. బ్లూటూత్‌లో కూడా రాకపోతే విండోస్ సర్వీసుల వైపు, లేదా ఆ పాట నడుపుతున్న యాప్ వైపు చూడాలి. అందుకే పాటను బ్రౌజర్‌లో ఒకసారి, మీడియా ప్లేయర్‌లో ఒకసారి పెట్టి చూడండి. బ్రౌజర్ ట్యాబ్ మీద రైట్ క్లిక్ చేస్తే మ్యూట్ సైట్ అనే ఆప్షన్ ఉంటుంది. పొరపాటున అది నొక్కుకుని, ల్యాప్‌టాప్ పాడైందని కంగారు పడేవాళ్లు చాలామంది.

కీబోర్డు మీద మ్యూట్ బటన్ కూడా చూడండి. చాలా మోడళ్లలో ఎఫ్1 మీదనో ఎఫ్5 మీదనో స్పీకర్ బొమ్మ ఉంటుంది. మ్యూట్ అయితే చిన్న లైటు వెలిగే మోడళ్లూ ఉన్నాయి.

సౌండ్ వేరే దారిలో పోతోందేమో

కింద కుడివైపు స్పీకర్ గుర్తు మీద రైట్ క్లిక్ చేసి సౌండ్ సెట్టింగ్స్ తెరవండి. పైన అవుట్‌పుట్ అనే చోట ఏ పరికరం ఎంచుకుని ఉందో చూడండి. టీవీకో ప్రొజెక్టర్‌కో హెచ్‌డీఎంఐ కేబుల్ పెట్టి తీసేసినప్పుడు, ఒక్కోసారి సౌండ్ ఆ టీవీ పేరు మీదే ఆగిపోతుంది. నిన్న కలిపిన బ్లూటూత్ హెడ్‌సెట్ పక్క గదిలో ఆన్‌లోనే ఉంటే సౌండ్ అంతా దాంట్లోకే పోతుంటుంది. స్పీకర్స్ అని ఉన్నదాన్ని ఎంచుకోండి. విండోస్ కీ, కంట్రోల్, వి మూడూ కలిపి నొక్కితే ఈ జాబితా వెంటనే తెరుచుకుంటుంది.

అదే పేజీలో వాల్యూమ్ మిక్సర్ ఉంటుంది. అందులో ప్రతి యాప్‌కూ వేరే వాల్యూమ్, వేరే అవుట్‌పుట్ పెట్టుకోవచ్చు. సిస్టమ్ సౌండ్లు వినిపిస్తూ ఒక్క యాప్ మాత్రమే మూగగా ఉంటే తప్పు ఇక్కడే. కింద రీసెట్ బటన్ నొక్కితే అన్నీ మామూలు స్థితికి వస్తాయి.

జాబితాలో స్పీకర్స్ అన్న పేరే లేకపోతే, పేజీ చివర మోర్ సౌండ్ సెట్టింగ్స్ నొక్కండి. పాత పద్ధతి పెట్టె ఒకటి తెరుచుకుంటుంది. ప్లేబ్యాక్ ట్యాబ్‌లో ఖాళీ చోట రైట్ క్లిక్ చేసి షో డిజేబుల్డ్ డివైసెస్ టిక్ చేయండి. స్పీకర్ బూడిద రంగులో కనిపిస్తే దాని మీద రైట్ క్లిక్ చేసి ఎనేబుల్ నొక్కి, తర్వాత సెట్ డిఫాల్ట్ చేయండి. ఈ పెట్టె గుర్తుంచుకోండి, ముందు ముందు చాలాసార్లు పనికొస్తుంది.

కాల్ మొదలవగానే పాట గొంతు తగ్గిపోతుంటే ఇదే పెట్టెలో కమ్యూనికేషన్స్ ట్యాబ్ చూడండి. కాల్ వస్తే మిగతా సౌండ్లను 80 శాతం తగ్గించమని మొదటి నుంచీ పెట్టి ఉంటుంది. డూ నథింగ్ ఎంచుకుంటే సరిపోతుంది.

జాక్‌లో దూది, దుమ్ము

ఇది మన దగ్గర ప్రత్యేకంగా చెప్పుకోవాల్సిన విషయం. పత్తి ఏరే కాలంలో, జిన్నింగ్ మిల్లుల చుట్టుపక్కల, మిర్యాలగూడ రైస్‌మిల్లుల ఊక దుమ్ములో, ఎండాకాలం మట్టి గాలిలో వాడే ల్యాప్‌టాప్‌ల 3.5 ఎంఎం జాక్‌లోకి పీచు, దుమ్ము చేరి గడ్డకడతాయి. జాక్ లోపల ప్లగ్ వచ్చిందని చెప్పే చిన్న స్ప్రింగు స్విచ్చి ఉంటుంది. పీచు అడ్డంపడి అది నొక్కుకునే ఉండిపోతే, ఇయర్‌ఫోన్ పెట్టి ఉందని ల్యాప్‌టాప్ అనుకుని స్పీకర్లు ఆపేస్తుంది. ఏమీ పెట్టకున్నా అవుట్‌పుట్ దగ్గర హెడ్‌ఫోన్స్ అని చూపిస్తుంటే కారణం చాలావరకు ఇదే.

పూర్తిగా షట్‌డౌన్ చేసి, చార్జర్ తీసి, జాక్‌లోకి టార్చి వేసి చూడండి. ల్యాప్‌టాప్‌ను జాక్ కిందికి ఉండేలా వంచి, ఫొటోగ్రాఫర్లు వాడే రబ్బరు బ్లోయర్‌తో ఊదండి. నోటితో ఊదితే తేమ లోపలికి పోతుంది. పీచు కనిపిస్తే చెక్క టూత్‌పిక్‌తో మెల్లగా లాగండి. పిన్నీసు, సూది మాత్రం పెట్టొద్దు. స్ప్రింగు ఒక్కసారి వంగితే జాక్ మార్చడమే దిక్కు, కొన్ని మోడళ్లలో అది మదర్‌బోర్డుకే అతికి ఉంటుంది. శుభ్రం చేశాక ఇయర్‌ఫోన్ ప్లగ్‌ను పది పదిహేనుసార్లు పెట్టి తీస్తే స్విచ్చి వదులవుతుంది.

ఇంకో చిక్కు ప్లగ్‌తోనే. ఇప్పటి ల్యాప్‌టాప్‌లకు హెడ్‌ఫోన్‌కూ మైక్‌కూ కలిపి ఒకటే జాక్. మైక్ కూడా పనిచేయాలంటే ప్లగ్ మీద మూడు నల్ల గీతలు ఉండాలి. రెండే ఉంటే పాట వినిపిస్తుంది, మీ మాట పోదు. రెండు ప్లగ్గుల పాత హెడ్‌సెట్ ఉంటే వాటిని ఒకటిగా కలిపే వై ఆకారపు స్ప్లిటర్ కొనాలి.

ఇప్పుడు డ్రైవర్

పైవన్నీ చూశాకే ఇక్కడికి రండి. ముందు ల్యాప్‌టాప్ షట్‌డౌన్ చేసి, చార్జర్ తీసి, పవర్ బటన్‌ను 30 సెకన్లు నొక్కి పట్టుకోండి. తర్వాత ఆన్ చేయండి. సౌండ్ చిప్ ఒక్కోసారి నిద్రలోంచి సరిగా లేవదు. ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే మామూలు షట్‌డౌన్‌లో విండోస్ తన పాత స్థితినే దాచుకుని మళ్లీ తెస్తుంది కాబట్టి, రోజూ ఆపి వేస్తున్నా తప్పు అలాగే ఉండిపోతుంది. రీస్టార్ట్‌కు ఆ గొడవ లేదు.

తర్వాత స్టార్ట్‌లో సర్వీసెస్ అని వెతికి తెరవండి. జాబితాలో విండోస్ ఆడియో, విండోస్ ఆడియో ఎండ్‌పాయింట్ బిల్డర్ అని రెండుంటాయి. రెండూ రన్నింగ్‌లో, స్టార్టప్ టైప్ ఆటోమేటిక్‌లో ఉండాలి. ఎండ్‌పాయింట్ బిల్డర్ మీద రైట్ క్లిక్ చేసి రీస్టార్ట్ నొక్కితే, మొదటిదాన్ని కూడా కలిపే రీస్టార్ట్ చేస్తుంది. స్పీకర్ గుర్తు మీద ఎర్ర గుర్తు ఉన్నప్పుడు చాలాసార్లు ఇది చాలు.

ఇంకా రాకపోతే స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి డివైస్ మేనేజర్ తెరవండి. సౌండ్, వీడియో అండ్ గేమ్ కంట్రోలర్స్ కింద ఏముందో చూడండి. పసుపు త్రికోణం ఉంటే దాని మీద రెండుసార్లు క్లిక్ చేసి డివైస్ స్టేటస్ చదవండి. కోడ్ 22 అంటే ఎవరో డిజేబుల్ చేశారని, ఎనేబుల్ చేస్తే చాలు. కోడ్ 28 అంటే డ్రైవరే లేదని. కోడ్ 10 అంటే డ్రైవర్ ఉన్నా పరికరం మొదలవట్లేదని, అక్కడ మళ్లీ ఇన్‌స్టాల్ చేయాలి.

రియల్‌టెక్ (చాలా ల్యాప్‌టాప్‌లలో ఉండే సౌండ్ చిప్ తయారుచేసే కంపెనీ) పేరు ఎక్కడా లేక, ఇంటెల్ డిస్‌ప్లే ఆడియో లాంటిది ఒక్కటే కనిపిస్తే మోసపోవద్దు. అది హెచ్‌డీఎంఐ సౌండ్ డ్రైవర్, స్పీకర్లకు సంబంధం లేదు. అసలు చిప్ అదర్ డివైసెస్ కింద పేరు లేకుండా పడి ఉంటుంది. దాని ప్రాపర్టీస్‌లో డీటెయిల్స్ ట్యాబ్‌లో హార్డ్‌వేర్ ఐడీస్ ఎంచుకోండి. వెన్ (VEN) అనే అక్షరాల తర్వాత 10ఈసీ (10EC) ఉంటే రియల్‌టెక్, 14ఎఫ్1 (14F1) ఉంటే కోనెక్సాంట్ అనే మరో కంపెనీ, 8086 ఉంటే ఇంటెల్.

ఇంటెల్ ప్రాసెసర్ ఉన్న కొత్త ల్యాప్‌టాప్‌లలో ఒక మెలిక ఉంది. రియల్‌టెక్ చిప్ నేరుగా కాకుండా ఇంటెల్ స్మార్ట్ సౌండ్ టెక్నాలజీ అనే భాగం గుండా విండోస్‌కు కలుస్తుంది. ఆ డ్రైవర్ లేకపోతే రియల్‌టెక్ డ్రైవర్ ఎన్నిసార్లు వేసినా సౌండ్ రాదు, లోపలి మైక్ కూడా కనబడదు. హైదరాబాద్ నుంచి తెచ్చుకున్న సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్‌లలో ఈ తప్పు తరచూ ఎదురవుతుంది. విండోస్ వేసేవాళ్లు మామూలు డ్రైవర్లతో సరిపెట్టి, ఇది వదిలేస్తారు. అదర్ డివైసెస్‌లో మల్టీమీడియా ఆడియో కంట్రోలర్ అని కనిపిస్తే చాలావరకు అదే.

డ్రైవర్ మార్చే పద్ధతి ఇది:

1. ముందు రిస్టోర్ పాయింట్ (ఏదైనా చెడితే విండోస్‌ను ఇప్పటి స్థితికి తిరిగి తెచ్చుకునే గుర్తు) ఒకటి పెట్టండి. స్టార్ట్‌లో క్రియేట్ ఎ రిస్టోర్ పాయింట్ అని వెతికితే దొరుకుతుంది. తర్వాత డివైస్ మేనేజర్‌లో ఆడియో పరికరం ప్రాపర్టీస్ తెరిచి, డ్రైవర్ ట్యాబ్‌లో ఉన్న వెర్షన్, తేదీ ఫోన్‌లో ఫొటో తీసుకోండి.

2. సమస్య అప్‌డేట్ వచ్చిన మరునాడే మొదలైతే, అదే ట్యాబ్‌లో రోల్ బ్యాక్ డ్రైవర్ నొక్కండి. పని అక్కడితో అయిపోవచ్చు. ఆ బటన్ వెలగకపోతే పాత డ్రైవర్ మిగల్లేదని అర్థం.

3. ల్యాప్‌టాప్ అడుగున ఉన్న స్టిక్కర్ చూడండి. డెల్ అయితే ఏడు అక్షరాల సర్వీస్ ట్యాగ్, హెచ్‌పీ, లెనోవో అయితే సీరియల్ నంబర్. కంపెనీ సపోర్ట్ పేజీలో అది కొట్టి, మీ విండోస్ వెర్షన్ ఎంచుకుని, ఆడియో విభాగంలోని డ్రైవర్‌ను డౌన్‌లోడ్ చేయండి. ఇంటెల్ ప్రాసెసర్ అయితే చిప్‌సెట్ (మదర్‌బోర్డు మీది ముఖ్య చిప్‌ల) డ్రైవర్, స్మార్ట్ సౌండ్ డ్రైవర్ కూడా తీసుకోండి. ఇవన్నీ దిగాకే తర్వాతి మెట్టుకు వెళ్లండి.

4. డివైస్ మేనేజర్‌లో ఆడియో పరికరం మీద రైట్ క్లిక్ చేసి అన్‌ఇన్‌స్టాల్ డివైస్ నొక్కండి. అటెంప్ట్ టు రిమూవ్ ద డ్రైవర్ అన్న గడిలో టిక్ పెట్టండి. టిక్ పెట్టకపోతే రీస్టార్ట్ కాగానే అదే చెడ్డ డ్రైవర్ తిరిగొస్తుంది.

5. రీస్టార్ట్ చేయండి. ముందు చిప్‌సెట్, ఆ తర్వాత స్మార్ట్ సౌండ్, చివర రియల్‌టెక్ వరుసలో ఇన్‌స్టాల్ చేసి మళ్లీ రీస్టార్ట్ చేయండి.

కంపెనీ పేజీలో డ్రైవర్ దొరకకపోతే సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, ఆప్షనల్ అప్‌డేట్స్ వరుసగా తెరవండి. డ్రైవర్ అప్‌డేట్స్ కింద చాలాసార్లు దొరుకుతుంది. అన్ని డ్రైవర్లూ ఒకే దెబ్బకు వేస్తామనే ఉచిత సాఫ్ట్‌వేర్‌ల జోలికి మాత్రం వెళ్లకండి. మోడల్‌కు సరిపోని డ్రైవర్ వేస్తాయి, వెంట అక్కర్లేని ప్రోగ్రాములు తెస్తాయి. సౌండ్ కోసం పోయి వైఫై కూడా పోగొట్టుకోవాల్సి వస్తుంది.

రియల్‌టెక్ డ్రైవర్ ఎంతకీ కుదరకపోతే విండోస్ సొంత డ్రైవర్‌కు మారవచ్చు. అప్‌డేట్ డ్రైవర్ నొక్కి, బ్రౌజ్ మై కంప్యూటర్, ఆ తర్వాత లెట్ మీ పిక్ ఎంచుకుని, జాబితాలో హై డెఫినిషన్ ఆడియో డివైస్ పెట్టండి. సౌండ్ వస్తుంది కానీ కంపెనీ ఇచ్చిన ఈక్వలైజర్ (బేస్, ట్రెబుల్ సరిచేసుకునే సాధనం) పోతుంది, కొన్నిట్లో జాక్ పెట్టినా స్పీకర్లు ఆగవు. స్మార్ట్ సౌండ్ ఉన్న వాటిలో ఈ పేరు జాబితాలో రాకపోవచ్చు.

గరగర, టపటప, ఒక చెవిలోనే సౌండ్

సౌండ్ వస్తూ మధ్యమధ్య టపటపమని తెగుతుంటే సెట్టింగ్స్‌లో ఆ స్పీకర్ పేరు మీద నొక్కి ఆడియో ఎన్‌హాన్స్‌మెంట్స్ ఆఫ్ చేయండి. ఫార్మాట్ దగ్గర 24 బిట్, 48000 హెర్ట్జ్ పెట్టి టెస్ట్ నొక్కండి. అదే తెగుడు ఉంటే 16 బిట్, 44100 ప్రయత్నించండి. 192000 పెడితే మంచిగా వినిపిస్తుందనుకోవడం పొరపాటు. వీడియోల సౌండ్ అంత రేటులో ఉండదు, పైగా ప్రాసెసర్‌కు పని పెరుగుతుంది.

చార్జర్ తీయగానే తెగుతుంటే బ్యాటరీ సేవర్, పవర్ మోడ్ చూడండి. మే నెల మధ్యాహ్నం మాత్రమే తెగుతుంటే వేడి కారణం. ఫ్యాన్‌లో దుమ్ము పేరుకుంటే ప్రాసెసర్ వేగం తగ్గించుకుంటుంది, సౌండ్‌కు సమయానికి డేటా అందదు. ఫ్యాన్ శుభ్రం చేయిస్తే తగ్గుతుంది. ఇవేవీ కాకపోతే లేటెన్సీమాన్ అనే ఉచిత ప్రోగ్రామును ఓ పది నిమిషాలు నడపండి. ఏ డ్రైవర్ అడ్డుపడుతోందో పేరుతో సహా చూపిస్తుంది. సౌండ్ తెగడానికి వైఫై డ్రైవర్ కారణమై ఉండటం కూడా జరుగుతుంది.

వాల్యూమ్ పెంచినప్పుడు మాత్రమే గరగరమంటే అది స్పీకర్ బాధ. ల్యాప్‌టాప్ స్పీకర్ ఒక్కొక్కటి సాధారణంగా 2 వాట్లదే. వీఎల్‌సీ ప్లేయర్‌లో వాల్యూమ్ 100 దాటించి నెలల తరబడి వింటే పొర దెబ్బతింటుంది. పాఠం గొంతు చిన్నగా ఉంటే 100 దాటించే బదులు, స్పీకర్ ప్రాపర్టీస్‌లో ఎన్‌హాన్స్‌మెంట్స్ ట్యాబ్ ఉంటే అక్కడ లౌడ్‌నెస్ ఈక్వలైజేషన్ టిక్ చేయండి. చిన్న శబ్దాలను పెంచి, పెద్ద శబ్దాలను అదుపులో ఉంచుతుంది.

ఒక చెవిలోనే వస్తుంటే ముందు వేరే ఇయర్‌ఫోన్‌తో చూడండి. తర్వాత ఆ పరికరం పేజీలో ఎడమ, కుడి వాల్యూమ్‌లు సమానంగా ఉన్నాయో లేదో చూడండి.

బ్లూటూత్ హెడ్‌సెట్‌లో పాట బాగుండి, జూమ్ కాల్ రాగానే పాత టెలిఫోన్‌లా వినిపిస్తే అది పాడైనట్టు కాదు. హెడ్‌సెట్ మైక్ వాడటం మొదలుపెట్టగానే బ్లూటూత్ స్టీరియో దారి వదిలి హ్యాండ్స్‌ఫ్రీ దారిలోకి మారుతుంది, అందులో నాణ్యత తక్కువ. కాల్ యాప్‌లో మైక్‌గా ల్యాప్‌టాప్ లోపలి మైక్‌ను, స్పీకర్‌గా హెడ్‌సెట్‌ను ఎంచుకోండి. రెండూ బాగుంటాయి.

మీ మాట అవతలివాళ్లకు వినబడకపోతే

ఆన్‌లైన్ ఇంటర్వ్యూకు పది నిమిషాల ముందు తెలిసే సమస్య ఇది, అందుకే ముందురోజే చూసుకోండి. సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, మైక్రోఫోన్ తెరవండి. మైక్రోఫోన్ యాక్సెస్, యాప్‌లకు అనుమతి, కింద డెస్క్‌టాప్ యాప్‌లకు అనుమతి, మూడూ ఆన్‌లో ఉండాలి. చాలామంది చివరిది చూడరు. బ్రౌజర్‌లో గూగుల్ మీట్ వాడితే అడ్రస్ పక్కనున్న గుర్తు నొక్కి మైక్ అలౌ చేయాలి. కీబోర్డు మీద మైక్ మ్యూట్ బటన్ కూడా ఉంటుంది, లెనోవోలో తరచూ ఎఫ్4.

సౌండ్ సెట్టింగ్స్‌లో మైక్ పేరు నొక్కితే స్టార్ట్ టెస్ట్ ఉంటుంది. నొక్కి మామూలు గొంతుతో మాట్లాడి ఆపితే ఎంత శాతం వినిపించిందో చెబుతుంది. చాలా తక్కువొస్తే పాత పెట్టెలో రికార్డింగ్ ట్యాబ్, మైక్ ప్రాపర్టీస్, లెవల్స్‌లో బూస్ట్‌ను +10 డెసిబెల్ పెట్టండి. +30 పెడితే మీ మాటతో పాటు ఫ్యాన్ హోరు, పక్కింటి టీవీ కూడా పోతాయి.

బతుకమ్మకు, పెండ్లికి ల్యాప్‌టాప్‌ను సౌండ్ సెట్‌కు కలిపేటప్పుడు

ఇక్కడ రెండు తప్పులు మళ్లీ మళ్లీ జరుగుతాయి.

ఒకటి, పాటలో సంగీతం వినిపించి పాడేవాళ్ల గొంతు మాయమవడం. ల్యాప్‌టాప్ నుంచి వచ్చే స్టీరియో ప్లగ్‌ను నేరుగా మిక్సర్ బ్యాలెన్స్‌డ్ మైక్ ఇన్‌పుట్‌లో పెడితే, ఆ ఇన్‌పుట్ ఎడమ, కుడి సిగ్నళ్ల తేడాను మాత్రమే తీసుకుంటుంది. గొంతు రెండిట్లో ఒకేలా ఉంటుంది కాబట్టి కొట్టుకుపోతుంది. 3.5 ఎంఎం నుంచి రెండు ఆర్‌సీఏ లేదా రెండు 6.35 ఎంఎం ప్లగ్గులుగా విడిపోయే కేబుల్ తీసుకుని, లైన్ లేదా ఆక్స్ ఇన్‌పుట్‌లో కలపండి. ల్యాప్‌టాప్ వాల్యూమ్ 70–80 దగ్గర ఉంచి, మిగతాది మిక్సర్‌లో పెంచండి.

రెండోది గుయ్యిమనే హోరు. చార్జర్ తీసేస్తే హోరు ఆగితే తప్పు ఎర్తింగ్‌లో ఉంది. ల్యాప్‌టాప్ లోహపు శరీరం ముట్టుకుంటే సన్నగా జివ్వుమన్నా కారణం అదే. ఎర్త్ లేని సాకెట్‌లో చార్జర్ లీకేజీ పోయే దారి లేక, ఆడియో కేబుల్ గుండా యాంప్లిఫైయర్‌లోకి పోతుంది. కార్యక్రమం సేపు బ్యాటరీ మీద నడపండి, లేదా గ్రౌండ్ లూప్ ఐసోలేటర్ (ఆడియో కేబుల్ గుండా వచ్చే ఆ హోరును ఆపే చిన్న పరికరం) మధ్యలో పెట్టండి. హోరు పోతుందని యాంప్లిఫైయర్ ప్లగ్‌లో ఎర్త్ పిన్ను విరిచేయడం ప్రాణాలకే ముప్పు, దయచేసి ఎవరినీ చేయనివ్వకండి. ఇంట్లో ఎర్తింగ్ గుంత ఎండాకాలం ఎండిపోతే పనిచేయదు. అప్పుడప్పుడు నీళ్లు పోస్తుండండి, ఎలక్ట్రీషియన్‌తో ఒకసారి పరీక్ష చేయించండి.

పాటల మధ్యలో మెసేజ్ మోత రాకుండా పాత పెట్టెలో సౌండ్స్ ట్యాబ్‌లో నో సౌండ్స్ ఎంచుకుని, డూ నాట్ డిస్టర్బ్ ఆన్ చేయండి.

అన్నీ చేసినా రాకపోతే

ఉబుంటును (విండోస్ లాంటిదే మరో ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్) పెన్‌డ్రైవ్ మీద పెట్టి, ఇన్‌స్టాల్ చేయకుండా ట్రై ఎంచుకుని నడపండి. అందులో సౌండ్ వస్తే చిప్పూ స్పీకర్లూ బాగున్నట్టు, తప్పు విండోస్‌దే. రాకపోతే హార్డ్‌వేర్ మీద అనుమానం బలపడుతుంది. అయితే స్మార్ట్ సౌండ్ ఉన్న కొన్ని కొత్త మోడళ్లకు ఉబుంటులోనూ సరైన డ్రైవర్ ఉండకపోవచ్చు. అందుకని బయాస్ (విండోస్ మొదలవకముందే పనిచేసే ల్యాప్‌టాప్ సొంత సెట్టింగుల పేజీ) కూడా చూడండి. ఆన్ చేస్తూ డెల్, ఏసర్, ఆసుస్‌లలో ఎఫ్2, హెచ్‌పీలో ఎఫ్10 నొక్కితే తెరుచుకుంటుంది. ఆడియో అనే ఆప్షన్ ఉంటే ఎనేబుల్ అయి ఉండాలి. డెల్‌లో ఎఫ్12 నొక్కి డయాగ్నస్టిక్స్ నడిపితే స్పీకర్ నుంచి శబ్దం చేసి, వినిపించిందా అని అడుగుతుంది. అది విండోస్‌తో సంబంధం లేని పరీక్ష కాబట్టి నమ్మవచ్చు.

స్పీకర్లు పోయాయని తేలితే మార్చడం పెద్ద పని కాదు, చాలా మోడళ్లలో అవి విడిగా దొరుకుతాయి. దుకాణంలో మోడల్ నంబర్ చెప్పి స్పీకర్ సెట్ ధర, కూలీ విడివిడిగా అడగండి. చిప్పే పోయిందంటే మదర్‌బోర్డు పని, ఖర్చెక్కువ. దానికి ఒప్పుకునే ముందు యూఎస్‌బీ సౌండ్ కార్డు ఒకటి పెట్టి చూడండి. కొన్ని వందల రూపాయలకే దొరుకుతుంది, డ్రైవర్ అక్కర్లేకుండా పనిచేస్తుంది. క్లాసులకూ కాల్స్‌కూ దాంతోనే హాయిగా నడిచిపోతుంది.